భారత పాలనకూ పౌరహక్కులకూ రూపమిచ్చిన పత్రాలు

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగానికి రెండు వంశాల పూర్వీకులున్నారు. ఒకటి లండన్ పార్లమెంటు చేసిన చట్టాల వంశం. 1773 నాటి రెగ్యులేటింగ్ చట్టంతో మొదలై 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంతో ముగుస్తుంది. గవర్నర్లు, శాసనసభలు, కేంద్ర రాష్ట్ర అధికారాల జాబితాలు, ఆర్డినెన్సులు అక్కడి నుంచి వచ్చాయి. రెండోది పాలితులు తమకు తామే రాసుకున్న అర్జీలు, బిల్లులు, తీర్మానాలు, ఒడంబడికల వంశం. వాక్ స్వాతంత్ర్యం, చట్టం ముందు సమానత్వం, వయోజన ఓటు, అంటరానితనం నిషేధం ఇక్కడి నుంచి వచ్చాయి. రాజ్యాంగం ఈ రెంటినీ కలిపింది గాని, అవి కరిగి ఒకటి కాలేదు. స్వతంత్ర భారతంలో పౌరహక్కుల మీద నడిచిన పెద్ద తగవుల్లో చాలావాటికి మూలం ఆ అతుకు దగ్గరే కనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసం రెండు వంశాలనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది.

కంపెనీ చట్టాలు, మద్రాసు అర్జీ

1773 చట్టం ఈస్టిండియా కంపెనీని పార్లమెంటు అదుపులోకి తెచ్చింది. బెంగాల్‌కు గవర్నర్ జనరల్‌ను, కలకత్తాకు సుప్రీంకోర్టును ఇచ్చింది. అది పాలకులు తమ నౌకర్లను తాము కట్టడి చేసుకున్న చట్టం. జనానికి సంబంధించిన మాట స్పష్టంగా వినిపించేది 1833 చార్టర్ చట్టంలోని 87వ సెక్షన్‌లో. మతం, పుట్టిన చోటు, వంశం, ఒంటి రంగు అనే కారణాలతో ఏ భారతీయుణ్ణీ కంపెనీ కొలువుకు అనర్హుడిగా చూడరాదని అది చెప్పింది. పెద్ద ఉద్యోగాలు ఆ తర్వాత కూడా తెల్లవారికే దక్కాయి. అయినా అర్జీ రాసేవాళ్ల చేతికి ఒక ఆధారం దొరికింది.

ఆ అర్జీల్లో ముఖ్యమైనది మద్రాసు నుంచి వెళ్లింది. తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి 1844లో 'క్రెసెంట్' పత్రిక నడిపారు; 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించారు. శిస్తు వసూలు కోసం రైతులను చిత్రహింసలు పెడుతున్నారని ఆ సంఘం బ్రిటిష్ పార్లమెంటుకు మొరపెట్టుకుంది. ఆ ఆరోపణ అక్కడ చర్చకు రావడంతో ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేయక తప్పలేదు. 1855లో వచ్చిన ఆ సంఘం నివేదిక హింస నిజమేనని ఒప్పుకుంది. రాజకీయ చరిత్ర పుస్తకాల్లో దీనికి దక్కే చోటు చాలా తక్కువ. నిజానికి సర్కారు మనిషి సామాన్యుడి ఒంటి మీద చెయ్యి వేయకూడదనే హక్కును భారతీయులు వ్యవస్థీకృతంగా అడిగి, లిఖితపూర్వకమైన జవాబు రాబట్టిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

1857 తిరుగుబాటు తర్వాత పాలన కంపెనీ నుంచి రాణికి మారింది. 1858 నవంబరు 1న అలహాబాదులో కానింగ్ చదివిన విక్టోరియా ప్రకటన మతాచారాల్లో జోక్యం చేసుకోబోమని, ఉద్యోగాలకు అర్హతే ప్రమాణమని హామీ ఇచ్చింది. తొలితరం కాంగ్రెస్ నాయకులు దశాబ్దాల పాటు ఆ ప్రకటననే ప్రభుత్వానికి చూపించి అడిగారు.

ఆ హామీల పక్కనే ఇంకో రకం పత్రాలు ఉన్నాయి. 1818 నాటి మూడో బెంగాల్ రెగ్యులేషన్ ఎవరినైనా విచారణ లేకుండా బంధించే వీలు కల్పించింది. 1907లో లాలా లజపతిరాయ్‌ని మాండలేకు పంపింది దాని కిందే. 1860 నాటి శిక్షాస్మృతిలోకి 1870లో రాజద్రోహ సెక్షన్ 124ఎ చేరింది. తిలక్ 1908లో ఆరేళ్ల శిక్షతో మాండలే వెళ్లారు. అదే ఏడాది బెజవాడ 'స్వరాజ్య' పత్రిక సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు కూడా ఇదే నేరం మీద జైలుపాలయ్యారు. విచారణ లేని నిర్బంధం, రాజద్రోహం అనే ఈ రెండు అధికారాలను గుర్తుంచుకోవాలి. 1947 తర్వాత కూడా ఇవి రంగం విడిచి వెళ్లలేదు.

పాలితుల ముసాయిదాలు

1895లో వెలువడిన 'స్వరాజ్య బిల్లు' భారతీయుల వైపు నుంచి వచ్చిన తొలి రాజ్యాంగ ముసాయిదాగా గుర్తింపు పొందింది. భావప్రకటన స్వేచ్ఛ, ఇంట్లోకి అక్రమంగా చొరబడకుండా రక్షణ, చట్టం ముందు సమానత్వం అందులో ఉన్నాయి. 1918లో బొంబాయి ప్రత్యేక కాంగ్రెస్ హక్కుల ప్రకటనను డిమాండ్ చేసింది. దానికి సర్కారు చెప్పిన జవాబు 1919 మార్చిలో రౌలట్ చట్టం రూపంలో వచ్చింది. వకీలు లేకుండా, అప్పీలు లేకుండా నిర్బంధించే ఆ చట్టం మీద నిరసన దేశమంతా రగిలింది. ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్ కాల్పులు ఆ నిరసన రోజుల్లోనే జరిగాయి. ఆ ఏడాదే వచ్చిన మాంటేగు చెమ్స్‌ఫర్డ్ చట్టం రాష్ట్రాల్లో ద్వంద్వ పాలన పెట్టింది. విద్య, ఆరోగ్యం వంటి శాఖలు మంత్రులకిచ్చి పోలీసులను, ఖజానాను గవర్నర్ల దగ్గర ఉంచింది.

అనీబిసెంట్ ప్రోద్బలంతో తయారైన కామన్వెల్త్ ఆఫ్ ఇండియా బిల్లు 1925లో బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్లి ఆగిపోయింది. భారతీయులు లేని సైమన్ కమిషన్‌కు జవాబుగా 1928లో మోతీలాల్ నెహ్రూ అధ్యక్షతన వచ్చిన నివేదిక ఇంకా గట్టిది. అందులో పందొమ్మిది హక్కులున్నాయి, స్త్రీ పురుషులందరికీ ఓటు ఉంది, భాష ప్రాతిపదికన రాష్ట్రాల ఏర్పాటూ ఉంది. ప్రత్యేక నియోజకవర్గాలను తోసిపుచ్చిన ఆ నివేదికను ముస్లిం లీగ్ ప్రధాన వర్గం ఒప్పుకోలేదు. జిన్నా 1929లో తన పద్నాలుగు అంశాలను ముందుకు తెచ్చారు. దేశ విభజనకు దారితీసిన విభేదాన్ని ఈ రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదివితే పోల్చుకోవచ్చు.

అందరికన్నా ధైర్యం చేసింది 1931 కరాచీ తీర్మానం. భగత్‌సింగ్, రాజగురు, సుఖదేవ్‌లను మార్చి 23న ఉరితీశారు. ఆ వారంలోనే వల్లభ్‌భాయ్ పటేల్ అధ్యక్షతన కాంగ్రెస్ కరాచీలో కూడింది. జవాహర్‌లాల్ నెహ్రూ రాసి, గాంధీతో చర్చించి రూపొందించిన తీర్మానంలో సంఘాలు పెట్టుకునే స్వేచ్ఛ, మత విషయాల్లో ప్రభుత్వ తటస్థత, కుల మత లింగ భేదం లేని సమానత్వం ఉన్నాయి. వాటి పక్కనే కార్మికులకు బతకగలిగే వేతనం, శిస్తు తగ్గింపు, ఉప్పు పన్ను రద్దు, మరణశిక్ష రద్దు, ఉచిత ప్రాథమిక విద్య కూడా ఉన్నాయి. మాట్లాడే హక్కునూ కడుపు నిండే హక్కునూ ఒకే కాగితం మీదకు తేవడం దాని గొప్పతనం. రాజ్యాంగం వాటిని మళ్లీ విడదీసింది. కోర్టుకెళ్లి సాధించుకోగలిగినవి ప్రాథమిక హక్కులయ్యాయి. మిగతావి ఆదేశిక సూత్రాలుగా మిగిలాయి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత విద్యను పదేళ్లలో అందించడానికి ప్రయత్నించాలని 45వ అధికరణ చెప్పింది. ఆ పదేళ్లు దాటి ముప్ఫై ఏళ్లు గడిచాక, ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 1993లో సుప్రీంకోర్టు దాన్ని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. 2002లో 86వ సవరణ 21ఎ అధికరణను చేర్చింది. కరాచీ నుంచి అక్కడికి చేరడానికి డెబ్బై ఒక్కేళ్లు పట్టింది. ఆ లోపల ఎన్ని తరాల పిల్లలు పశువుల వెంట, బీడీ ఆకుల మధ్య పెరిగారో తలచుకుంటే ఆదేశిక సూత్రమనే మాట ఎంత బలహీనమైనదో అర్థమవుతుంది.

పూనా ఒడంబడిక

1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో మనుస్మృతిని తగలబెట్టారు. ఊరి చెరువు నీళ్లు తాగే హక్కు కోసం మొదలైన సత్యాగ్రహం అది. అంబేడ్కర్ ఆ సభను 1789 నాటి ఫ్రెంచి జాతీయ సభతో పోల్చారు. దళితులకు ఉద్యమంతో పాటు చట్టసభలో సొంత గొంతు కూడా కావాలని ఆయన రౌండ్ టేబుల్ సమావేశాల్లో వాదించారు. 1932 ఆగస్టులో వచ్చిన కమ్యూనల్ అవార్డు అణగారిన వర్గాలకు ప్రత్యేక నియోజకవర్గాలిచ్చింది. ఎరవాడ జైల్లో ఉన్న గాంధీ దానికి వ్యతిరేకంగా సెప్టెంబరు 20న నిరాహార దీక్షకు దిగారు. నాలుగు రోజుల తర్వాత, 24న ఒప్పందం కుదిరింది. అణగారిన వర్గాల పక్షాన అంబేడ్కర్, సవర్ణ హిందువుల పక్షాన మదన్‌మోహన్ మాలవీయ సంతకం చేశారు.

రాష్ట్రాల శాసనసభల్లో 148 సీట్లు వాళ్లకు కేటాయించారు. అవార్డు ఇచ్చినవి 71. మద్రాసు వంతు 30. ఓటర్లు మాత్రం ఉమ్మడి. సంఖ్య రెట్టింపైనా, గెలుపు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న మిగిలిపోయింది. ఒక మహానాయకుడి ప్రాణం పణంగా ఉన్నప్పుడు జరిగిన బేరంలో రెండు పక్షాలకూ సమానమైన స్వేచ్ఛ ఉండదు. ఆ ఒత్తిడిని అంబేడ్కర్ తర్వాతి రచనల్లో ఘాటుగానే చెప్పారు. నేటి రిజర్వుడు నియోజకవర్గాల పద్ధతికి పునాది ఈ ఒడంబడికే. 1947లో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ కోసం ఆయన తయారుచేసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' వినతిపత్రం ఇంకా ముందుకెళ్లి కీలక పరిశ్రమలను, వ్యవసాయాన్ని ప్రభుత్వ పరం చేయాలని అడిగింది. రాజ్యాంగంలోకి ఆ భాగం చేరలేదు.

1935 చట్టం

321 సెక్షన్లు, 10 షెడ్యూళ్లున్న ఈ చట్టం రాష్ట్రాలకు స్వపరిపాలన ఇచ్చింది, ఫెడరల్ కోర్టును ఏర్పరచింది, కేంద్ర రాష్ట్ర జాబితాలను వివరంగా రాసింది. 1937 ఎన్నికల్లో ఓటున్నవాళ్లు మూడు కోట్ల పైచిలుకు మాత్రమే. ఆస్తి, పన్ను, చదువు ఉన్నవాళ్లకే అది దక్కింది. హక్కుల పత్రం అందులో లేదు. మంత్రివర్గాన్ని పక్కనపెట్టి గవర్నరే పాలించే 93వ సెక్షన్ ఉంది. రాష్ట్రపతి పాలనకు దారి తెరిచే 356వ అధికరణ దాని వారసుడే. రాజ్యాంగంలో పాలనా యంత్రానికి సంబంధించిన పెద్ద భాగం ఈ చట్టం నుంచి వచ్చిందని అంబేడ్కర్ స్వయంగా సభలో ఒప్పుకున్నారు.

రాజ్యాంగ పరిషత్తు

1946 మే 16 నాటి కేబినెట్ మిషన్ ప్రణాళిక ప్రకారం పది లక్షల మందికి ఒకరు చొప్పున రాష్ట్రాల శాసనసభలు ప్రతినిధులను ఎన్నుకున్నాయి. పరిషత్తు డిసెంబరు 9న తొలిసారి కూడింది. నాలుగు రోజుల తర్వాత నెహ్రూ ప్రవేశపెట్టిన లక్ష్యాల తీర్మానాన్ని 1947 జనవరి 22న ఆమోదించారు. పీఠికకు బీజం అదే. ఆగస్టు 29న అంబేడ్కర్ అధ్యక్షతన ముసాయిదా సంఘం ఏర్పడింది. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ అందులో సభ్యుడు. తర్వాత ఖాళీ అయిన స్థానంలోకి, మైసూరు దివాన్‌గా పనిచేసిన న్యాపతి మాధవరావు వచ్చారు. తెలుగు ప్రాంతాల నుంచి టంగుటూరి ప్రకాశం, పట్టాభి సీతారామయ్య, ఎన్.జి. రంగా, దుర్గాబాయి వంటివారు పరిషత్తులో కూర్చున్నారు. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 నుంచి 30కి తగ్గింది దుర్గాబాయి సవరణతోనే. 7,635 సవరణలు అందగా సభలో 2,473 ప్రవేశపెట్టారు. 1949 నవంబరు 26న 395 అధికరణలు, 8 షెడ్యూళ్లతో రాజ్యాంగం ఆమోదం పొందింది. ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా చేతిరాతతో, నందలాల్ బోస్ బృందం చిత్రాలతో ఉన్న ప్రతి మీద సభ్యులు 1950 జనవరి 24న సంతకాలు చేశారు.

హైదరాబాద్ సంస్థానం నుంచి పరిషత్తులో ప్రతినిధులు లేరు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత సైనిక పాలనలో ఉన్న ఆ సంస్థానానికి రాజ్యాంగం వర్తిస్తుందని 1949 నవంబరు 23న నిజాం ఫర్మానా జారీ చేశారు. తెలంగాణ ప్రజలు తమను పౌరులను చేసిన పత్రాన్ని అలా తమ చివరి ప్రభువు ఆజ్ఞ ద్వారా అందుకున్నారు. 1952 ఎన్నికల్లో వాళ్లు మొదటిసారి ఓటేసినప్పుడు గాని ఆ లోటు తీరలేదు.

ఆ ఓటర్ల జాబితా కూడా చారిత్రక పత్రమే. రాజ్యాంగం పూర్తికాక ముందే దాని పని మొదలైంది. 17 కోట్లకు పైగా పేర్లు ఎక్కాయి. ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని తప్ప సొంత పేరు చెప్పని సుమారు 28 లక్షల స్త్రీల నమోదును ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ తొలగించారు. తర్వాతి ఎన్నికల నాటికి ఆడవాళ్లు తమ పేరుతోనే జాబితాకెక్కాలన్న ఆయన పట్టుదల కఠినమైనదే గాని సరైనది.

అధికరణ 21 అంత సజావుగా రాలేదు. న్యాయబద్ధమైన ప్రక్రియ లేకుండా ఎవరి స్వేచ్ఛనూ హరించరాదని మొదట రాసుకున్నారు. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్లి న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. ప్రజలు ఎన్నుకున్న సభ చేసిన చట్టాన్ని కొందరు జడ్జీలు కొట్టేసే అధికారం ప్రజాస్వామ్యానికి భారమవుతుందని ఆయన చెప్పారు. ముసాయిదా సంఘం జపాన్ రాజ్యాంగం వైపు చూసి, చట్టం నిర్దేశించిన పద్ధతి ఉంటే చాలని మార్చింది. అల్లాడి ఈ మార్పును గట్టిగా సమర్థించారు. సభలో చాలామంది వ్యతిరేకించారు. ఆ లోటును కొంతైనా పూడ్చడానికి 1949 సెప్టెంబరులో అంబేడ్కర్ 22వ అధికరణ తెచ్చారు. అరెస్టుకు కారణం చెప్పాలి, వకీలును పెట్టుకోనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అదే అధికరణ మూడు నెలల వరకు సలహా మండలి పరిశీలన కూడా లేని ముందస్తు నిర్బంధాన్ని అనుమతించింది. రౌలట్ చట్టం మీద దేశం రగిలిన కాలాన్ని కళ్లారా చూసినవాళ్లే ఆ అధికారాన్ని హక్కుల అధ్యాయంలో పెట్టడం రాజ్యాంగంలో అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం.

మొదటి సవరణ, ప్రాంతీయ ఒప్పందాలు

రాజ్యాంగానికి పద్దెనిమిది నెలలైనా నిండకుండానే మొదటి సవరణ వచ్చింది. దానికి దారితీసిన కేసుల్లో రెండు మద్రాసు రాష్ట్రానివి. 'క్రాస్ రోడ్స్' పత్రికపై మద్రాసు ప్రభుత్వం పెట్టిన నిషేధాన్ని 1950లో రొమేశ్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాలేజీ సీట్లను కులాల వారీగా పంచే కమ్యూనల్ జీవోను 1951లో చంపకం దొరైరాజన్ కేసులో కొట్టేసింది. జూన్ నాటి సవరణ వాక్ స్వాతంత్ర్యానికి కొత్త పరిమితులు చేర్చింది. 15(4)తో వెనుకబడిన వర్గాల రిజర్వేషన్లకు దారి తెరిచింది. భూసంస్కరణ చట్టాలను కోర్టుల నుంచి కాపాడే తొమ్మిదో షెడ్యూలు పెట్టింది. ఒకే సవరణలో ఒక హక్కు కుంచించుకుపోయింది, మరొకటి విస్తరించింది.

చట్టసభల బయట రాసుకున్న కాగితాలు కూడా పాలనను మార్చాయి. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక ఫలితంగానే 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రంలో రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్లాయి. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం తెలంగాణకు ఉద్యోగాల్లో, నిధుల్లో రక్షణలు రాసిచ్చింది. అవి సరిగా అమలు కాకపోవడమే 1969 ఉద్యమానికి మూలం. 1973లో 32వ సవరణ ద్వారా వచ్చిన 371డి అధికరణ స్థానిక రిజర్వేషన్లకు రాజ్యాంగ బలమిచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కూడా అది రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగుతోంది.

కోర్టుల చేతిలో

ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయిన రాజమండ్రి వాసి కోకా సుబ్బారావు పేరు ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. 1967లో భారత ప్రధాన న్యాయమూర్తిగా గోలక్‌నాథ్ కేసులో ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని 6-5 ఆధిక్యంతో తీర్పిచ్చారు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టి, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మాత్రం మార్చరాదని 7-6తో తేల్చింది. సుబ్బారావు చెప్పిన మరో మాట ఇంకా ఎక్కువ కాలం నిలిచింది. 1962లో ఖరక్‌సింగ్ కేసులో, పోలీసుల నిఘా మొత్తం వ్యక్తి స్వేచ్ఛకూ అందులోని ఏకాంతానికీ భంగమని ఆయన అసమ్మతి రాశారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ అసమ్మతి వైపే నిలబడ్డారు.

నిర్బంధం విషయంలో దారి ఇంత సాఫీగా లేదు. రాజ్యాంగం వచ్చిన నెల రోజులకే, 1950 ఫిబ్రవరిలో ముందస్తు నిర్బంధ చట్టం చేశారు. తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తున్న రోజులవి. తెలుగు జిల్లాల కమ్యూనిస్టులు కూడా పెద్ద సంఖ్యలో జైళ్లలో ఉన్నారు. మద్రాసు రాష్ట్రంలో నిర్బంధంలో ఉన్న ఎ.కె. గోపాలన్ వేసిన కేసులో, చట్టం చేసిన పద్ధతి ఏదైనా చాలునని సుప్రీంకోర్టు ఆధిక్య తీర్పు చెప్పింది. న్యాయమూర్తి ఫజల్ అలీ విభేదించారు. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ వచ్చాక, నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హెబియస్ కార్పస్ తలుపు కూడా మూసుకుపోయింది. 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వ పక్షం వహించగా హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే నిలబడ్డారు. సీనియారిటీ ప్రకారం ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి వేరొకరికి వెళ్లింది. 1978లో మేనకా గాంధీ కేసులో కోర్టు దారి మార్చుకుని, పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండితీరాలని చెప్పింది. 1949లో పరిషత్తు వదులుకున్న మాట అలా తిరిగి వచ్చింది.

అదే ఏడాది పార్లమెంటు ఆమోదించిన 44వ సవరణ 20, 21 అధికరణలను ఎమర్జెన్సీలో కూడా నిలిపివేయరాదని శాసించింది. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తీసేసింది. దాని మూడో సెక్షన్ ముందస్తు నిర్బంధం గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గించి, సలహా మండలిని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసుతో ఏర్పాటు చేయాలని చెప్పింది. అది అమలులోకి రావడానికి కేంద్ర ప్రభుత్వం ఒక తేదీని ప్రకటించాలి. ఆ తేదీ ప్రకటించమని ఆదేశించడానికి 1981 డిసెంబరులో ఎ.కె. రాయ్ కేసులో సుప్రీంకోర్టు నిరాకరించింది. ఆ తర్వాత అన్ని పక్షాల ప్రభుత్వాలూ వచ్చి వెళ్లాయి. తేదీ నేటికీ ప్రకటించలేదు. 22వ అధికరణ 1949లో రాసిన మూడు నెలల గడువుతోనే నడుస్తోంది.